మెత్తని వేళ్ళు

రిటైరయ్యాక వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అపస్వరం పలికినప్పుడల్లా తప్పు వాయిద్యానిదే అనుకుని ఇంకా మంచిది కొనేవాణ్ణి. నాలుగోది కొందామని ఒకరోజు ఫిలింనగర్‌లో బస్సెక్కాను. పక్క సీటాయన సినిమా పాటలకు వయొలిన్ వాయిస్తారట. ఏ రకం కొనమంటారని అడిగాను.

“జర ఎడమ చెయ్యి ఇయ్యుండ్రి సార్,” అని నా వేలికొసలు నొక్కి చూసి నవ్వారు. “గివి ఇంకా మెత్తగనే ఉన్నయ్ గద! కొత్తదెందుకు?”

తన వేళ్ళు చూపించారు. తీగల ఒరిపిడికి నాలుగూ కాయలు కాచి ఉన్నాయి.

దుకాణం దగ్గర బస్సు ఆగింది. నేను దిగలేదు.

ఆనాటి నుంచి నా డైరీలో ఒక్క రోజు కూడా సాధన తప్పలేదు. మూడేళ్ళుగా మరో వయొలిన్ కొనలేదు. ఇప్పుడు బస్సెక్కితే ఎడమ చెయ్యి అందరికీ కనిపించేలా ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంటాను.