కాలి బొటనేలు కింది రిమోటు

కోరుట్లల బీడీలు చేసే ఆడోళ్లకు చేతులు ఖాళీ ఉండయి. ఒళ్లె చాట, చేతి ఏళ్లకు తంబాకు. అందుకే మా పాత టీవీ రిమోటు నా కాళ్లకాడ నేల మీదనే ఉండేది. దాని బటన్లు లావుగ, ఎత్తుగ ఉంటుండె. తల ఎత్తకుంటనే కాలి బొటనేలుతోని సీరియల్ పెడుతుంటి, సప్పుడు పెంచుతుంటి. వాడకట్టు ఆడోళ్లు గూడ చాటలు పట్టుకొని అచ్చి నా పక్కన కూసుందురు.

మా ఆయన దుబాయి నుంచి అచ్చి, పాతదాన్ని పాతసామానోనికి ఇచ్చి, గోడంత కొత్త టీవీ పెట్టిచ్చిండు. దాని రిమోటు సబ్బుబిళ్ల లెక్క నున్నగ ఉన్నది, బటన్లు శానా తక్కువ. "మస్తు సింపుల్, చిన్నపిల్లలు గూడ నడుపుతరు" అన్నడు. బటన్లు తగ్గినయి గని పని పెరిగింది. ఒక్క సీరియల్ కోసం తెర మీద బొమ్మ బొమ్మ దాటుకుంట పోవాలె. కాలుతోని ఒత్తితే ఇంకేదో తెరుసుకుంటది. కండ్లు అటు పోతే బీడీ వంకర పోతది, వంకర బీడీలను కార్ఖానల ఏరి పారేస్తరు.

"కాలుతోని ఒత్తేదానివి, నీకు గిసోంటియి ఎందుకే" అని వాడకట్టోళ్ల ముందట నవ్విండు. రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, అల్మారి మీద పెట్టి, మల్ల దుబాయి పోయిండు. గప్పటిసంది టీవీ బందే. ఆడోళ్లు గూడ అచ్చుడు మానేసిండ్రు.

మొన్న ఫోన్ల అడిగిండు, "టీవీ ఎట్లున్నదే?"

"నీ లెక్కనే ఉన్నది. చూస్తందుకు పెద్దగ, ఇంట్ల దేనికీ పనికిరాకుంట" అన్న.