రెండో ముక్క

ఆదివారం సాయంత్రం. కాప్రా, ప్రసన్నకుమార్ ఇల్లు. హాజరైనవారు: ప్రసన్నకుమార్, అతని భార్య సునందగారు, వాళ్ల పాస్టరుగారు, చర్చి నుంచి వచ్చిన కొందరు, నేను.

డైరీలో ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఆ పేర్ల కిందే ఉంది. సొంత డైరీకి కూడా చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి కొంత సులువు.

నేనూ ప్రసన్నకుమారూ ఒకే ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాం. అణు రియాక్టర్లలో ఇంధనం నింపే సన్నని జిర్కోనియం గొట్టాల మీద మా పని. ఆ లోహానికి హైడ్రోజన్ పడదు. లోపలికి చేరితే పెళుసవుతుంది. గొట్టంలోంచి చిన్న ముక్క కోసి, నునుపు చేసి, ఆసిడ్‌లో ముంచి మైక్రోస్కోపు కింద పెడితే, హైడ్రోజన్ చేరిన చోట నల్లని వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి.

గొట్టాలను వాక్యూమ్ ఫర్నేస్‌లో వేడిచేసే కొత్త పద్ధతి ఒకటి ప్రసన్నకుమార్ తయారుచేశాడు. కొన్నేళ్ల కష్టం. పరీక్షించే బాధ్యత నాది. పరీక్షించాల్సిన రోజు స్టోర్స్ నుంచి నైట్రిక్ ఆసిడ్ రాలేదు. మధ్యాహ్నం ఫలితం చూసే కమిటీ ఉంది. ముందురోజు వాడిన ద్రావణంలోనే ముక్కను ముంచాను. వాడాక అందులో నైట్రిక్ ఆసిడ్ పాలు తగ్గితే ఆ ద్రావణమే లోహంలోకి హైడ్రోజన్ ఎక్కిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం అది. గీతలు కనిపించాయి. ఫొటో తీసి కమిటీ ముందు పెట్టాను. ఫర్నేస్ లీకై గాలిలోని తేమ నుంచి హైడ్రోజన్ చేరిందని తేల్చారు.

మర్నాడు కొత్త ఆసిడ్ వచ్చింది. అదే గొట్టం నుంచి రెండో ముక్క కోశాను. అనుమానం లేకపోతే ఎందుకు కోసినట్టు? ఒక్క గీత కూడా లేదు.

అప్పుడే ప్రసన్నకుమార్ లోపలికి వచ్చాడు.

"సార్, ఇంకోసారి చూద్దామా జెర? నాకు నిద్ర పడ్తలేదు."

"చూశానయ్యా."

"ఏముంది?"

"అదే."

"అంటే ఫర్నేసే లీకైందా? సీల్ నేనే బిగించిన సార్, నా చేతుల్తోని."

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. రా, టీ తాగుదాం."

ముక్క ఇంకా మైక్రోస్కోపు కిందే ఉంది. అతను వంగి చూస్తే సరిపోయేది. చూడలేదు. నేను చూశానన్నాను కదా.

అబద్ధం అనుకోకుండా వచ్చిందని రాయబోయాను. అది నిజం కాదు. 'అదే' అనే ముందు ఒక్క క్షణం ఆగాను, ఆ క్షణంలో రెండు జవాబులూ నా ముందున్నాయి. కమిటీ ముందు చులకనవుతానన్న భయమా? అతని పద్ధతి పోతే, దానికి పోటీగా ఉన్న నా పద్ధతి నిలుస్తుందన్న ఆశా? తర్వాత నా పద్ధతినే తీసుకున్నారు. దానివల్ల ఏ రియాక్టరుకూ హాని జరగలేదు. అతన్ని మాత్రం పరిపాలనా విభాగానికి మార్చారు. మళ్లీ ఫర్నేస్ ముట్టుకోలేదు.

నిన్నటిది అతను గుండె ఆపరేషన్ తర్వాత కోలుకున్నందుకు పెట్టుకున్న కృతజ్ఞతా కూడిక. పాటలయ్యాక ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పడం వాళ్ల ఆనవాయితీ. ప్రసన్నకుమార్ కుర్చీ పట్టుకుని లేచాడు.

"నా అజాగ్రత్తతోని ఒక లాట్ గొట్టాలు మొత్తం ఖరాబైనయ్. ప్రభువును ఎన్నిసార్లు క్షమించమని అడిగిన్నో నాకే ఎరుక. ఆ రోజు నాకు చాయ్ తాపి ధైర్యం చెప్పిన సారు గీడనే కూసున్నరు."

అందరూ నావైపు తిరిగారు. "స్తోత్రం" అన్నారెవరో. పాస్టరుగారు నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ప్రసన్నకుమార్ నిజాయితీపరుడని చెప్పాను. కేకు తిన్నాను. ఆటోలో ఇంటికి వచ్చాను.

చేయని తప్పుకు ఆ మనిషి ఇన్నేళ్లుగా క్షమాపణ అడుగుతున్నాడు. ఈ సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు. తెలిస్తే చెప్పేవాణ్ణా? ఏమో.

ఈ ఉదయం మళ్లీ కాప్రా వెళ్లాను. గేటు దగ్గర పైపుతో మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. బయట నిలబడే చెప్పాను. పాత ఆసిడ్, రెండో ముక్క, నేనన్న మాట, ఆ వరుసలో. క్షమించమని అడగలేదు. అడిగితే కాదనలేడని తెలుసు.

పైపు అలాగే పట్టుకుని అడిగాడు.

"రెండో దాంట్ల ఒక్క గీత సుత లేదా?"

"లేదు."

కుండీ నిండి నీళ్లు అతని చెప్పుల మీదికి పారుతున్నాయి. కుళాయి కట్టేశాడు. నావైపు చూడకుండా ఇంట్లోకి కేక వేశాడు.

"సునందా! ఫర్నేస్ లీక్ కాలేదంట!"

"ఏ ఫర్నేస్?" అందామె లోపలి నుంచి.

అతను లోపలికి వెళ్లాడు. నన్ను రమ్మనలేదు, గేటూ వేయలేదు. గుండె మీంచి ఏదో దిగినట్టుంది, దాన్ని తేలిక అనుకునే హక్కు నాకుందో లేదో తెలియదు. కాసేపు అక్కడే నిలబడ్డాను. అతను ఆమెకు మొదటి నుంచి చెప్పడం వినిపిస్తోంది.