ఎవరి కడాయిలో ఉడికింది?

మొన్న గురువారం మా బావగారి రెండో కూతురు బాల్కొండ బస్సు దిగి, పుట్టింటికి కూడా పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. బావగారంటే నా భర్తకు అన్న. ఆయన ఇల్లు మా ఊళ్లోనే, అవతలి గల్లీలోనే ఉంది, ఆ గడప నేను తొక్కక ముప్పై ఏళ్లు దాటింది, రెండేళ్ల కింద ఆయన పోయినప్పుడు కూడా వాకిలి బయట నిలబడి చూసి వచ్చేశాను. పిల్లలకు మాత్రం అవేమీ పట్టవు, వస్తారు, చిన్నమ్మా అంటారు, పెడితే తింటారు. వాళ్లాయన హైవే పక్కన కొన్న జాగా మీద ఏదో తగాదా వచ్చిందట, వకీలును పెట్టుకోవాలట. ఫోన్ తీసి వరసగా వకీళ్ల ఫోటోలు చూపించింది, ఒక్కొక్కరి కిందా చుక్కలున్నాయి, ఒకాయనకు నాలుగున్నర చుక్కలు. "ఇరవై ఏండ్ల అనుభవం అని రాసుంది, గీన ఎట్లుంటడు చిన్నమ్మా? నువ్వైతే కోర్టు చూసినదానివి" అంది. చూసినదాన్నే, కాదనను. చూసింది వాళ్ల నాన్నకు ఎదురు నిలబడి. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ చుక్కల వంకే చూస్తూ కూర్చున్నాం.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన వైపు అన్నదమ్ములు వేరుపడితే కాగితం రాసుకునేది తక్కువ. నలుగురు పెద్దమనుషుల ముందు మాట అనుకోవడం, ఆ ఏడు నుంచి ఎవరి పసుపు వాళ్లు, ఎవరి కడాయిలో వాళ్లు ఉడకబెట్టుకోవడం, అంతే పంపకం. మా మామగారు పోయాక మా ఇంట్లోనూ అలాగే జరిగింది. పట్టా మొత్తం బావగారి పేరు మీదే ఉండిపోయింది, బావి ఉన్న రెండెకరాలు మాకు వచ్చాయి, నా భర్త ఆర్మూర్‌కు పోయి నలుగురు మోస్తే గాని కదలని ఇనుప కడాయి ఒకటి కొనుక్కొచ్చాడు. అదే మా పత్రం, అదే మా రిజిస్ట్రీ అనుకోండి. మూడేళ్లు అందులో పసుపు ఉడకబెట్టుకున్నాం. ఉడికిందో లేదో పుల్లతో గుచ్చి చూసే పని నాది.

ఎనభైల చివర ఒక చలికాలం పొద్దున తవ్వకానికి ముందు ఆఖరి తడి పెట్టి వస్తానని వెళ్లి, మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టి పోయాడు మా ఆయన. అప్పటికి నాకు ఇరవై మూడు, పిల్లల్లేరు. నేను ఏడవలేదు. ధైర్యం అనుకున్నారు కొందరు, గుండె రాయి అన్నారు కొందరు, రెండూ కాదు, ఏమీ అనిపించలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాను, ఎవరో పడుకోమంటే పడుకున్నాను. ఆ నెలలూ ఆ మనుషులూ నాకిప్పటికీ ముక్కలు ముక్కలుగానే గుర్తు. పుట్టింటి వాళ్లు తీసుకుపోతామంటే వద్దన్నానట, అదీ వాళ్లు చెబితేనే తెలిసింది.

ఆ ఎండాకాలం గడిచి మొదటి వాన పడ్డాక, మా రెండెకరాల్లో బావగారి ట్రాక్టర్ దున్నుతోందని కబురొచ్చింది. పంపకమే జరగలేదని ఆయన మాట, తమ్ముడు ఉన్నన్నాళ్లు దున్నుకోమన్నాడట, ఇప్పుడు తమ్ముడు లేడు కాబట్టి తానే చేసుకుంటాడట, నన్ను పస్తు పెట్టడట. బావగారు చెడ్డవాడని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు, భూమి ఒకే చోట ఉంటే బాగుంటుందనుకున్నాడు. నాకు మాత్రం ఆ రెండెకరాలు పోతే ఇక నేను ఒకరింట్లో అన్నం తినే మనిషిని, అంతే. అది తెలుసు, కానీ తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

కదిలింది మా అత్తమ్మ. ఎవరి తల్లి? ఆ ట్రాక్టర్ యజమాని తల్లి! పొద్దున్నే జొన్నరొట్టె మూట కట్టుకుని నా గుమ్మంలో నిలబడి, "పా బిడ్డా, ఆర్మూర్ల వకీలును చూద్దాం" అంది. కొడుకు మీద కేసు వేయడానికి కోడలిని తీసుకుపోయే అత్తను మీరెక్కడైనా చూశారా? ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేను చెప్పులేసుకుని వెనకాల నడిచాను, సంతకు పొమ్మంటే పోయినట్టు.

వకీలును ఎలా ఎంచుకోవాలో మా ఇద్దరికీ ఏం తెలుసు? ఊళ్లో తలా ఒక పేరు చెప్పారు. మొదట సర్పంచ్ చుట్టం అయిన ఒక పెద్ద వకీలు దగ్గరికి పోయాం. గోడ నిండా పుస్తకాలు, ముగ్గురు గుమాస్తాలు, కూర్చోగానే చాయ్ తెప్పించాడు, అత్తమ్మ సగం చెప్పకముందే, "ఏం ఫికర్ పెట్టుకోకుండ్రి, గీ కేసు మనదే" అన్నాడు. రెండో ఆయన కుర్రవాడు, పాపం అన్నీ రాసుకున్నాడు, చట్టంలోని సెక్షన్లు గడగడా చదివాడు, వితంతువు అంటే కోర్టుకు జాలి, ఆరు నెలల్లో అయిపోతుంది అన్నాడు. బయటికి వచ్చాక అత్తమ్మ మెట్ల మీద కూర్చుని రొట్టె విరుస్తూ, "పాలిష్ మస్తున్నదే. కొమ్ము ఇరిస్తె గద లోపట పండిందో లేదో తెల్సేది" అంది. మార్కెట్లో పసుపు రాశి ముందు ఆమె ఎప్పుడూ చేసేది అదే, పైరంగు చూడదు, ఒక కొమ్ము తీసి టక్కున విరిచి లోపల చూస్తుంది, వాసన చూస్తుంది. మనిషిని ఎలా విరవాలో ఆమెకూ తెలియదనుకుంటాను, అందుకే ఇంకొకరిని చూద్దామంది.

మూడో ఆయన గది విత్తనాల దుకాణం మీద ఉండేది. అరవై దాటిన మనిషి, దళసరి కళ్లద్దాలు, ఒక కుర్చీ కాలు కింద ఇటుక ముక్క. చాయ్ తెప్పించలేదు. అత్తమ్మ మొదటి నుంచి చివరిదాకా చెప్పేవరకు ఒక్క మాట మాట్లాడలేదు, నిద్రపోయాడేమో అనుకున్నాను. ఎన్ని కేసులు గెలిచారని అత్తమ్మ అడిగితే, గెలిచినవి గుర్తుండవమ్మా, ఓడిపోయినవి చెప్పమంటే చెబుతానని నిజంగానే రెండు చెప్పాడు, ఎక్కడ పొరపాటు చేశాడో కూడా చెప్పాడు. తర్వాత అద్దాలు తీసి నా వైపు తిరిగి అడిగాడు.

"మీ ఆయన పోయిన ఏడు, మీ పసుపు ఎవరి కడాయిల ఉడికింది?"

నేనే చెప్పాను, చాలా నెలల తర్వాత నా అంతట నేను పలికిన మాట అదే అయి ఉంటుంది. బావగారి కడాయిలో ఉడికింది. తవ్వినదాన్ని ఉంచితే పాడవుతుంది, మైల ఇంట్లో పొయ్యి ముట్టించేవాళ్లు లేరు, బావగారు నా గది గుమ్మం దగ్గరికి వచ్చి కలుపుదామా అని అడిగాడు, నేను తల ఊపాను. రెండు చేల పసుపు ఒక రాశి అయింది, మార్కెట్లో ఆయన పేరు మీద అమ్ముడుపోయింది. అందులో మోసమేమీ లేదు, చావు జరిగిన ఇంటికి అందరూ చేసే సాయమే. మా వాళ్లు తప్ప ఇంకొకరు ఇలాంటి తప్పు చేయరేమో, మా పత్రాన్ని మేమే పొయ్యిలో పెట్టుకున్నాం.

వకీలు అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. చట్టం ప్రకారం ఏదో ఒక వాటా నాకు ఎప్పటికైనా వస్తుందని, కానీ బావి ఉన్న ఆ రెండెకరాలే, అదీ నా చేతి కిందే ఉండాలంటే పంపకం జరిగిందని నిలబెట్టాలని చెప్పాడు. "నువ్వు తల ఊపినవంటే, నీ అంతట నువ్వే చేను అప్పజెప్పినవంటరు. వాళ్లు అడుగుతరు తల్లీ. అవతలోడు అందరి ముందట అడిగే ముచ్చట, నీ వకీలు ముందుగాల గదిల అడగాలె" అన్నాడు. తర్వాత అత్తమ్మను అడిగాడు, పంపకం చూసిన పెద్దమనుషులు ఇద్దరు పోయారు, ఉన్నవాళ్లు నీ కొడుకు మనుషులు, ఇక మిగిలింది నువ్వు, కొడుకు ముందు నిలబడి చెబుతావా అని. అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "గాడు నా కొడుకే సాబ్. సచ్చినోడు గూడ నా కొడుకే" అంది.

ఆయన్నే పెట్టుకున్నాం. గెలుస్తామని చెప్పిన ఇద్దరిని వదిలేసి, గెలవడం కష్టమన్న మనిషికి వకాలత్ ఇచ్చి వచ్చామని ఊళ్లో నవ్వారు. ఎందుకు ఇతన్నే అని నేను బస్సులో అడిగితే, "నిన్ను మాట్లాడిపిచ్చిండు గద" అంది అత్తమ్మ.

ఇక వాయిదాలు. మా ఊరి నుంచి పొద్దున ఒకటే బస్సు కాబట్టి వాదీ, ప్రతివాదీ, సాక్షీ అందరం అందులోనే. బావగారు ముందు ఎక్కి తల్లికి సీటు ఆపేవాడు, ఆమె టికెట్ తనే తీసుకునేవాడు, నా టికెట్ నేను తీసుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వాలో ఏం చేయాలో తెలియదు, అప్పుడు మాత్రం మాకెవరికీ వింతగా అనిపించలేదు. సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం.

అత్తమ్మ వయసు చూసి ఆమె సాక్ష్యం అన్నింటికంటే ముందు తీసుకోమని మా వకీలు జడ్జిగారిని అడిగి ఒప్పించాడు. అనుభవం అంటే ఏమిటో నాకు ఆ తర్వాత అర్థమైంది, తీర్పు దాకా ఆమె బతకలేదు. ఆమె బోనులో నిలబడిన రోజు బావగారి వకీలు అటూ ఇటూ నాలుగు మాటలు అడిగి, చివరికి ఆ మాటే అడిగాడు, దాదాపు అవే మాటల్లో. మీ చిన్నకొడుకు పోయిన ఏడు పసుపు ఎవరి కడాయిలో ఉడికింది?

"పెద్దోని కడాయిలనే. కలపమని నేను చెప్పిన. గీ పిల్లకు సోయి ఎక్కడుండె? గీమె ఏమనలే. గా ఒక్క ఏడుకు కలపుర్రి అని నేనే చెప్పిన" అంది అత్తమ్మ.

మా వకీలు పెన్ను ఆగడం చూశాను. గదిలో నేను చెప్పింది ఆయనకు గుర్తుంది, తల ఊపింది నేను. కానీ ఆ క్షణంలో నాకే అనుమానం వచ్చింది, నేను ఊపానా? ఊపాననుకున్నానా? ఆ నెలల గురించి నా మాట నేనే నమ్మలేను. బావగారు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. సాయంత్రం బస్సు దగ్గర ఆయన సీటు ఆపి, "అవ్వా, ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కలేదు. ఇద్దరం షేర్ ఆటోలో వచ్చాం, ఆ తర్వాత ఆమె ఆయన ఇంటికి పోలేదు, నా దగ్గరే ఉండి, నా దగ్గరే పోయింది. ఆయన వచ్చి నా వాకిట్లో చుట్టంలా నిలబడి, తల్లికి నిప్పు పట్టాడు. తర్వాత నా వంతు సాక్ష్యం వచ్చినప్పుడు ఆ కడాయి ప్రశ్న నన్నెవరూ అడగలేదు, ఎందుకు అడగలేదని నేనూ ఆలోచించలేదు. తొంభైల్లో తీర్పు నా వైపు వచ్చింది. కబురు తెచ్చిన మనిషిని భోంచేశావా అని అడిగి, మళ్లీ కలుపు తీయడానికి వంగాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఆ పిల్లకు ఈ కడాయి సంగతంతా, తల ఊపానో లేదో నాకే తెలియదన్న మాటతో సహా చెప్పి, నాకు తెలిసిన ఒక్క సలహా ఇచ్చాను. ఒక్కొక్క వకీలు దగ్గరికి పోయి కూర్చో, నువ్వు దాచుకున్న మాటను ఎవరు తవ్వి అడుగుతారో వాళ్లను పెట్టుకో అన్నాను. అందరూ ఫోన్‌లోనే మాట్లాడతారు, కాగితాలు కూడా ఫోన్‌లోనే పంపాలి, మొహం చూసే పని లేదు చిన్నమ్మా అని నవ్వింది. నవ్వి, చాయ్ తాగడం అయ్యాక, గ్లాసు కింద పెట్టకుండా అంది.

"నువ్వు తల ఊపింది నిజమే చిన్నమ్మా. నాయన చెప్పిండు. గా దినం నానమ్మ ఊళ్లనే లేదట, జ్వరమొస్తె నాయననే నిజామాబాద్ దవాఖానల చేర్పిచ్చిండట. కోర్టుల ఆమె గట్ల చెప్పంగనే, ఇగ గా ముచ్చట ఎత్తొద్దని నాయన తన వకీలుకు చెప్పిండట. నానమ్మ మందులకని దవాఖాన చిట్టీ గూడ జేబులనే ఉండెనట. మా అవ్వ అబద్ధమాడిందని నా నోటితోని ఎట్లంటనే అనేటోడు."

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. సిగ్గేసింది. ఆయన తల వంచుకున్నది ఓడిపోయి కాదన్నమాట. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే అంటే, తాను ఉన్నన్నాళ్లు చెప్పొద్దన్నాడంది.

ఆ రెండెకరాలు ఇంకా నా పేరునే ఉన్నాయి. ఇప్పుడు పసుపు కడాయిల్లో ఉడకదు, కిరాయి బాయిలర్ వస్తుంది, ఊరందరి పసుపూ వరసగా అందులోనే ఆవిరికి ఉడుకుతుంది, ఎవరిది ఎందులో ఉడికిందని అడిగేవాళ్లే లేరు. మా వకీలు గది ఉన్నచోట సెల్‌ఫోన్ దుకాణం వచ్చింది. మంచి వకీలును ఎలా ఎంచుకోవాలో ఎవరైనా వచ్చి అడిగితే నాకు తెలిసింది చెబుతాను, అనుభవం ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉంటారు, వెతికితే దొరుకుతారు. గెలిచే చిట్టీ జేబులో పెట్టుకుని, తల్లి మాట నిలబెట్టడానికి కేసు వదులుకునే ప్రతివాది మాత్రం నాకు ఒక్కడే దొరికాడు. ఆయన ఇంటికి ఇక్కడి నుంచి ఐదు నిమిషాల నడక. ఆయన ఉండగా ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారీ నడవలేదు.