కదలకండి మాస్టారి ఉడుత

మా అక్క భర్తని వీధిలో అందరూ "కదలకండి మాస్టారు" అంటారు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసే స్టూడియో ఆయనది. "గడ్డం కాస్త దించండి, ఇటు చూడండి, కదలకండి" అన్నాకే బటన్ నొక్కేవారు.

స్టూడియో మూసేసి ఇంటిపట్టున ఉన్నాక బావగారి చూపు మా రెండిళ్ళకీ ఉమ్మడిగా ఉన్న పెరట్లో ఉడుతల మీద పడింది. స్నానాలగది గోడలోని పాత గొట్టంలో వాటి కాపురం. మా ఆయన ఊరుకోవచ్చుగా. "కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఎవరైనా తీస్తారన్నయ్యా. పరిగెత్తేదాన్ని ఒక్కదాన్ని తీయండి చూద్దాం" అన్నారు. తోడల్లుళ్ళ మధ్య మామూలు పరాచికమే. కానీ బతుకంతా చేసిన పని పనే కాదన్నట్టు వినబడి, బావగారి ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి బావగారి మకాం పెరట్లోనే. తీసినవన్నీ ఖాళీ గోడలు, అంచున ఇంత తోక. లోపం ఎక్కడుందో వంటింటి కిటికీలోంచి అక్కే కనిపెట్టింది. ఉడుత కుదురుగానే కూర్చుంటుంది. ఈయన గురి చూసి, అలవాటు కొద్దీ "కదలకండి" అంటారు. అంతే, అది తుర్రుమంటుంది.

"ఆ నోరు కాస్త కట్టేసుకోండి" అంది అక్క. పెదాలు బిగబట్టి చూశారు. అప్పుడు వేలు మొరాయించింది. మాట పైకి వస్తే తప్ప వేలు కిందికి దిగదు.

ఇంకొకరైతే కెమెరాని అటకెక్కించేవారు. బావగారు గొట్టానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం ఉడుతలతో కబుర్లు మొదలుపెట్టారు. "తిన్నావా అమ్మా? ఆ భుజం అలా వాల్చేశావేంటి? కాస్త గడ్డం దించు." పక్కింటావిడ అక్కని చాటుకి పిలిచి, ఆయనకి ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. మా ఆయన నవ్వలేక చచ్చారు. రానురాను ఉడుతలు ఆ గొంతుని కుళాయి చప్పుడులా పట్టించుకోవడం మానేశాయి.

వాన వెలిసిన ఓ పొద్దున నేనక్కడే బట్టలు ఆరేస్తున్నాను. గొట్టంలోకి నీళ్ళు చేరాయి కాబోలు, తల్లి ఉడుత పిల్లని నోట కరుచుకుని గోడ మీదికొచ్చింది. పిల్ల తల్లి మెడకి చుట్టుకుపోయి ఉంది. బావగారు ఏమాత్రం కంగారు పడకుండా లేచి, "ఇటు చూడమ్మా. కదలకు" అన్నారు. తల్లి ఆగింది. తిన్నగా ఆయన వైపు చూసింది. బటన్ చప్పుడయ్యాకే కదిలింది. నేను తడి చీర భుజాన వేసుకునే ఇంట్లోకి పరిగెత్తి అక్కని వాటేసుకున్నాను.

ఫొటో పెద్దది చేయించి ముందుగదిలో తగిలించారు. పిల్ల మూసిన కళ్ళు, తల్లి మీసాలు, అన్నీ స్పష్టం. మా ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"దాన్నెలా ఆపారన్నయ్యా?"

"ఆగమన్నాను, ఆగింది" అన్నారు బావగారు.

మా ఆయన అద్దం దగ్గరికెళ్ళి తల దువ్వుకొచ్చి, "నాకూ ఒకటి తీసిపెట్టండి" అన్నారు.