కారు తలుపుకి అట్లకాడ

డెబ్బైల చివర్లో చోడవరంలో ఉండేవాళ్ళం. తమ్ముడికి మాడుగులలో పెళ్ళిచూపులు. తలుపు సొట్టపోయిన మా కారులో వెళ్తే పరువు పోతుందని, బయలుదేరే ముందు మావారే ఆ సొట్ట పూడ్చడానికి పుట్టీ పెట్టడం మొదలుపెట్టారు. పుట్టీలో కలిపే గట్టిపడే మందు గోరంత చాలని పెయింటరు చెబితే, ఈయన చెంచాడు కలిపి నా అట్లకాడతో పామారు. నిమిషాల్లో పుట్టీ రాయైపోయింది. అట్లకాడ తలుపుకి అతుక్కుపోయింది.

"లాగితే రేకు ఊడొచ్చేస్తాది, ఒగ్గీయే," అన్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అలాగే వెళ్ళాం.

పిల్ల తండ్రి కారు చూసి, "ఇదేటి బాబూ?" అన్నాడు.

"పుట్టీ ఎంత గట్టిదో సూత్తన్నానండి," అన్నారు మావారు.

గుమ్మం వెనక పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వుకే మా తమ్ముడు ఒప్పేసుకున్నాడు.

సంబంధం కుదిర్చింది తనేనని మావారు ఇప్పటికీ అందరికీ చెప్తారు. కాదు, నా అట్లకాడేనని వాదించి వాదించి నేనే విసిగిపోయాను.