పగలాల్సిన కుండ

మొన్న వానల్లో బరంపురంలో నా ఈడు మిత్రుడొకడు కాలం చేశాడు. బడా బజారులో పప్పులూ బెల్లమూ అమ్ముకుని బతికినవాడు. వాళ్ళబ్బాయి భుజాన నీళ్ళ కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరిగి, ఆచారం ప్రకారం వెనక్కి చూడకుండా కుండని వెనక్కి వదిలేశాడు. కుండ కిందపడింది గానీ పగల్లేదు. టక్కున ఒక్క చప్పుడు చేసి దొర్లుకుంటూ వెళ్ళి పంతులుగారి కాళ్ళ దగ్గర ఆగింది. కట్టెలు పేర్చిన ఒరియా మనిషి "భాంగిలా నాహిఁ" అని, అంటే పగల్లేదని, అందరి కళ్ళ ముందూ ఉన్న సంగతినే గట్టిగా చాటింపు వేశాడు. వెనక్కి తిరగకూడదు గనుక ఆ అబ్బాయి కొయ్యలా నిలబడిపోయాడు. ఎవరో ఇటుక ముక్క వెతికి తెచ్చి బాదితే అప్పటికి రెండు చెక్కలయింది. నాకు నవ్వు ఆగక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. పాపం అనకండి, చచ్చినవాడే లేచి నా పక్కన నిలబడి ఉంటే నాకన్నా ముందు వాడే నవ్వేవాడు, అంతటి స్నేహం మాది. కానీ ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. ఆటోలో సగం దారిలోనే ఎండిపోయి, ఆ స్థానంలో మా పెదనాన్న వచ్చి కూర్చున్నాడు.

నేను పుట్టింది పాత్రపూర్ దాపున ఒక పల్లెలో, కుమ్మరింట్లో. చదువు గురించి అడక్కండి. బడిలో చెప్పేది ఒరియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఒరియా అక్షరాలేమో మా పెరట్లో ఆరబెట్టిన కుండల్లాగే గుండ్రంగా ఉండేవి. ఆ మాటే పంతులుతో అని, వీటికి మూతులేవండీ అని అడిగినందుకు నా చదువు అక్కడితో ఆగిపోయింది. ఇంటికొస్తే మట్టి తొక్కమన్నారు. మట్టికి వెటకారం తెలీదు గనుక మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆ రోజుల్లో మాదీ పెదనాన్నదీ ఒకటే వాకిలి, కుండలు కాల్చే ఆవమూ ఒకటే. పెద్దమ్మ ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు, ఆయనకి ఉన్నదల్లా మట్టి తిప్పే సారె ఒక్కటే. నీళ్ళ కుండలకి ఆయన పెట్టింది పేరు. గోడ దిట్టంగా, అడుగు బరువుగా, ఆవంలో సరిగ్గా మంట నడుమ పెట్టి ఎర్రగా కాల్చేవాడు; ఆడవాళ్ళు వాగు నుంచి వస్తూ జారిపడితే మనిషికి దెబ్బ తగిలేది గానీ కుండకి తగిలేది కాదు. మా నాన్న చెయ్యి వేరు. ఆయన పేరు మోగింది చావు కుండల్లో. వినడానికి చేదుగా ఉంటుంది గానీ అది మామూలు పని కాదు. మట్టిలో ఇసకా ఊకబూడిదా ఎక్కువ కలిపి, గోడని తమలపాకంత పల్చగా తట్టి, ఆవంలో మంట సగమే తగిలే అంచున పెట్టి, అరకాల్పుగా తియ్యాలి. నీళ్ళు పోస్తే ఆగాలి, భుజాన మూడు చుట్లు తిరిగేదాకా ఆగాలి, ఆ తరవాత ఒక్క క్షణం కూడా బతక్కూడదు. పగిలితేనే పోయినవారికి ఈ ఇంటితో రుణం తీరుతుందని నమ్మకం. మిగతా కుండలన్నీ పగలకుండా ఉండడానికి చేస్తారు, ఇది పగలడానికి చేస్తారు. ఊళ్ళో ఏడుపు వినబడితే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని నాన్న, పక్కింటివాళ్ళని ఆరోగ్యం అడిగినా వాళ్ళు అనుమానంగా చూస్తున్నారని నవ్వేవాడు. నా నోరు ఎక్కడిది అనుకుంటున్నారో, అక్కడిది.

ఆ నోరే కొంప ముంచింది. ఒకసారి నాన్నకి జ్వరం వచ్చి పడుకుంటే, ఊరి పెద్దమనిషి పోయినప్పుడు కుండ పెదనాన్న ఇవ్వాల్సి వచ్చింది. ఆయన చేతికి పల్చదనం తెలీదు. వాగు గట్టున ఆ కుండ పగల్లేదు. పడి, లేచినట్టుగా దొర్లి, తుప్పల్లోకి వెళ్ళి కూర్చుంది. కొడుకులు తొక్కినా లొంగలేదు. పెద్దమనిషి ఇల్లు వదిలి వెళ్ళలేదని ఆ ఇంటి ఆడవాళ్ళు చాలాకాలం దీపం పెట్టడానికి వెనకగది వైపు వెళ్ళేవారు కాదు. పెదనాన్న తల దించుకుని తిరిగాడు. అంతటితో పోయేదే. ఆ తరవాతి పాత్రపూర్ సంతలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కుండలు పరుచుకుని కూర్చున్నప్పుడు, బేరాల్లేక విసుగొచ్చి, మా నాన్న లేచి నిలబడి అరిచాడు: "రండమ్మా రండి, మా అన్న కుండలు సూడండి! సచ్చినోడు లేసొచ్చినా రావొచ్చు గానీ ఈ కుండ మాత్రం పగల్దు!"

సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను, అంత బాగా అన్నాడు మరి. పెదనాన్న మాత్రం కుండలన్నీ తిరిగి గడ్డిలో చుట్టుకుని, అమ్మకుండానే కావడెత్తుకుని వెళ్ళిపోయాడు. మేం ఇంటికొచ్చేసరికి వాకిలి మధ్యన పగిలిన పెంకులు వరస పెడుతున్నాడు. తరతరాలుగా ఆవంలో పగిలిన పెంకులు మా పెరట్లో గుట్టలుగా ఉండేవి. వాటికి మట్టి మెత్తుకుంటూ ఛాతీ ఎత్తున గోడ లేపాడు. అవతల వేరే ఆవం తవ్వుకున్నాడు. మళ్ళీ చావు కుండ జోలికి పోలేదు, మా నాన్నతో మాట కలపలేదు. నాన్న కూడా, ఎగతాళి చెయ్యడం వచ్చినంత సులువుగా తప్పయిందనడం రాక, ఊరుకున్నాడు.

ఆ గోడకి అమ్మ ఒక్కతే లొంగలేదు. రోజూ కూర గిన్నె గోడ మీద పెట్టి దగ్గేది. అవతల నుంచి చెయ్యొకటి వచ్చి తీసుకునేది. గిన్నె ఉత్తిగా తిరిగొచ్చేది కాదు. అందులో మట్టి పిట్టో, ఏనుగు పిల్లో, కుచ్చిళ్ళు కూడా కనిపించేట్టు చెక్కిన నీళ్ళ బిందె ఆడమనిషో ఉండేది. ఇంత మొరటు కుండలు చేసే చేతికి ఆ సన్నపు పని ఎక్కడిదో! అమ్మ వాటిని గూట్లో వరసగా పెట్టుకుని, తుడుచుకుంటూ, పలకరిస్తూ ఉండేది. అన్నదమ్ములకి మాటలు లేకపోయినా బావామరదళ్ళ కబుర్లన్నీ ఆ పిట్టలతోనే చెప్పేదని నాన్న ఉడికించేవాడు.

వానాకాలంలో అమ్మకి జ్వరం పట్టింది. మళ్ళీ లేవలేదు. తెల్లవారుతుండగా పోయింది.

ఇక్కడ మా కులంలో ఒక కట్టడి చెప్పాలి. కుమ్మరి ఎన్ని ఇళ్ళకి చావు కుండ ఇచ్చినా తన ఇంటి చావుకి తన కుండ వాడకూడదు. వాడితే ఆ చావుని తనే సారె మీద పెట్టి చేసినట్టు లెక్క. ఇంకో కుమ్మరింటి కుండ రావాలి. దాన్ని నోరు తెరిచి అడగకూడదు, వాళ్ళే తేవాలి. మా అటక మీద నాన్న చేసిన చావు కుండలు బోర్లించి దొంతర్లు దొంతర్లుగా ఉన్నాయి. వాటి కిందనే అమ్మ పడుకుని ఉంది. ఆమెకి మాత్రం ఒక్కటీ పనికిరాదు. వాగు పొంగింది, అవతలి ఊరి ఒరియా కుమ్మర్ల దగ్గరికి దారి లేదు. ఇవతల ఉన్న రెండో కుమ్మరి గోడ అవతలివాడు.

అందరం గోడ వైపే చూస్తూ కూర్చున్నాం. ఎవరూ రాలేదు. వచ్చింది చప్పుడొక్కటే. గర్రు గర్రుమని, ఇనుముతో పెంకుని గీకుతున్న చప్పుడు. చావింటి పక్కన కుమ్మరన్నవాడు సారె తిప్పడు, కుండ తట్టే చెక్క పట్టడు. ఆయనేమో పొద్దుటి నుంచీ పనిలో ఉన్నాడు. మా మేనమామ ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్ళి కేకేశాడు.

"ఏటి బావా! మా సెల్లి సచ్చిపోయి ఆకిట్లో ఉంటే పన్లు సేసుకుంతన్నావేటి? నీకు మనసు నేదేటి?"

గీకుడు ఆగలేదు. నాన్న నేల వైపు చూస్తూ అన్నాడు: "ఒగ్గెయ్ బావా. ఆడికి ఇయాల పండగ."

అన్నని ఆడు అనడం నేను వినడం అదే మొదలు. వాన పలచబడింది, కట్టెలు తడుస్తున్నాయి, కులపెద్దలు కుండ లేకుండానే కానిద్దామని గుసగుసలాడుతున్నారు. కుండ లేకపోతే అమ్మ ఎటూ వెళ్ళక గుమ్మంలోనే తిరుగుతుందన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి ముఖాల్లోనూ ఉంది. అప్పుడాగింది చప్పుడు.

గోడకి దారి పెట్టుకోలేదు గనుక పెదనాన్న వీధంతా చుట్టి తిరిగి వచ్చాడు. మోచేతుల దాకా ఎర్రటి పొడి. చేతుల్లో కుండ. చూడగానే పోల్చుకున్నాను, అది ఆయన తాగే నీళ్ళ కుండ. వానల్లో ఆవం వెయ్యరు; పెరట్లో ఉన్నవన్నీ పచ్చివి, నీళ్ళు పోస్తే కరిగిపోయేవి; ఆ ఇంట్లో కాలిన కుండంటూ ఉంటే అదొక్కటే. దేన్నైనా తట్టుకునేటట్టు తనే చేసుకున్న ఆ దిట్టమైన గోడని, పీపా రేకు ముక్కతో పొద్దుటి నుంచీ గీకి, గీకి, మా నాన్న చేతి పల్చదనానికి తెచ్చాడు. వేళ్ళ కొసలు చిట్లి, కుండ మీద అక్కడక్కడా తడి ఎరుపు, పొడి ఎరుపుతో కలిసిపోయింది. గుమ్మంలో దించి నాతోనే అన్నాడు, నాన్న వైపు చూడకుండా.

"నీళ్ళు పోసి సూడకురా. మోసినంతసేపు ఆగుద్ది."

నేనే మోశాను. భుజం మీద అది ఊపిరి తీస్తున్నట్టు వణికింది, నీళ్ళు చెమటలా పట్టి వీపు మీదుగా కారాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా చితిని కాదు, కుండని చూస్తున్నారు. పెదనాన్న దూరంగా, వాగు వైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మూడో చుట్టు అయ్యాక వెనక్కి వదిలాను. పగలడం కాదు అది, రాలడం. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, ఎండుటాకుల మీద అడుగేసినంత.

అందరూ నాన్న నోటి వైపు చూశారు. నాన్న నడిచి వెళ్ళి పెదనాన్న వెనక నిలబడ్డాడు.

"అన్నా, పగిలింది."

"ఇన్నాను," అన్నాడు పెదనాన్న, తిరక్కుండానే.

కర్మలన్నీ అయిపోయాక నాన్న గునపం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. రెండు పెంకులు ఊడాయో లేదో అవతల నుంచి పెదనాన్న వచ్చి గునపం పట్టుకున్నాడు.

"ఉండనీరా. ఇది పడిపోతే మనది ఒకటే ఇల్లయిపోద్ది. రేపు నాను పోతే నాకు కుండెవుడిస్తాడు?"

నాన్న గునపం దించాడు. "మరి నానే ముందు పోతే?"

"నానిస్తాన్లే. గీకైనా ఇస్తాను."

ఊడిన పెంకులు రెండూ నాన్నే తిరిగి పెట్టి మట్టి మెత్తాడు. ఆ పూట నుంచి ఇద్దరూ ఒక పొయ్యి కూడు తిన్నారు, ఒకరి మట్టి ఒకరు తొక్కారు, గోడని మాత్రం ఏటేటా వానలు వెళ్ళగానే కలిసి మరమ్మతు చేసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గోడని చూసి అన్నదమ్ములకి పడదేమో అనుకునేవారు. నాన్న సంతలో అరవడం మానేశాడు. సరదా మనిషి సరదా మానేస్తే ఇల్లు ఎంత బరువుగా ఉంటుందో ఆ ఏళ్ళల్లో తెలిసింది.

ముందు పెదనాన్నే పోయాడు. నాన్న కుండ ఇచ్చాడు, అది పగలాల్సినట్టే పగిలింది. నాన్న పోయేనాటికి గోడ అవతల ఎవరూ లేరు. నేను అప్పటికే బరంపురం చేరి పూలకుండీలు చేసుకుంటున్నాను. స్టీలూ ప్లాస్టిక్కూ ఊళ్ళన్నీ తిరిగాక మట్టికి మిగిలిన గిరాకీ అదే. నాన్నకి బజారు కుండ కొన్నాం. పగిలింది గానీ, రాయి మీద పడితే ఏదైనా పగులుతుంది.

మిత్రుణ్ణి సాగనంపిన మర్నాడు బడా బజారులో చావు సామాన్లమ్మే కొట్టుకి వెళ్ళాను. కుండలన్నీ ఒకటే అచ్చులో పోసినవి, ఒకటే కొలత, ఒకటే రంగు. వేలితో ఒక్కొక్కదాన్నీ తడుతూ, రేపు నా కోసం పగిలేది ఒక్కటైనా ఉందేమోనని చెవి పెట్టి వింటున్నాను. కొట్టు కుర్రాడు, పాపం మంచివాడు, నా ఈడు చూసి ఎవరికో ఏమిటో అడగలేదు.

"బాగా సూసుకో తాతా. మిసిను మాలు, గట్టిది. కిందపడ్డా పగల్దు, గేరంటీ."

ఇలాంటి మాటకి బదులు చెప్పడానికే పుట్టినవాణ్ణి నేను. నోరు తెరిచాను కూడా. మళ్ళీ మూసుకుని, కుండని ఉన్నచోటే బోర్లించి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మేముండే మేడలో ఎటు చూసినా గోడలే, ఈ గోడకీ ఆ గోడకీ మధ్య వరస ఇళ్ళే. అవతలివాళ్ళ మిక్సీ చప్పుడు వినబడుతుంది, టీవీ చప్పుడు వినబడుతుంది. పొద్దున్నే మెలకువ వచ్చినప్పుడు ఊరికే చెవి ఆనించి వింటాను. గీకుతున్న చప్పుడు మాత్రం ఎటు నుంచీ రాదు.