పెద్దమ్మ నూనె రాసిన కంప్యూటరు

మొన్న వట్లూరులో మా బావ కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. ప్రార్థన చేసిన నూనె గిన్నె పట్టుకుని పాస్టరు అయ్యగారు, ఇంటి పెద్దవాళ్ళెవరైనా గుమ్మానికి రాయమన్నారు. అక్కడున్న వాళ్ళందరిలోకీ పెద్దది మా పెద్దమ్మ. ఆవిడ చేతులు రెండూ పమిట చాటుకి లాక్కుని, "నా చెయ్యి వద్దులెండి అయ్యగారూ, కలిసిరాదు" అంది నవ్వుతూ. బావ వెంటనే అందుకున్నాడు. "అవునండీ, మా అత్తయ్యగారు కంప్యూటరుకే తలంటు పోసిన మనిషి. గుమ్మానికి రాశారంటే గోడలు కూడా హ్యాంగైపోతాయండీ." అందరూ పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. నేను మాత్రం చేతికిచ్చిన బిర్యానీ పళ్ళెం పక్కన పెట్టేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బావా నేనూ తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ల షాపు నడిపేవాళ్ళం. నడపడమంటే ఏమీ లేదు, ఆఫీసులవాళ్ళు పారేసిన పాతవి గుత్తగా కొని, తుడిచి, పల్లెటూళ్ళలో అంటగట్టడం. ఆ డబ్బాలు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. మూత విప్పితే బొద్దింకల రెక్కలు, బల్లిగుడ్ల పెంకులు, ఎలుకలు ఉచ్చ పోసిన చోటల్లా తుప్పు. కొల్లేటి వైపు నుంచి వచ్చిన వాటికైతే ఎండుచేపల కంపు. దానికి బావ కనిపెట్టిన విరుగుడు మల్లెపూల సెంటు. ఫ్యాను దగ్గర ఇంత కొట్టి అమ్మేవాడు. స్విచ్చి వెయ్యగానే ఎండుచేపలూ మల్లెపూలూ కలిసి గదంతా తిరిగేవి. కొన్నవాళ్ళు పాపం అదే కొత్త సామాను వాసన అనుకునేవారు.

పెద్దమ్మ టీచరుగా రిటైరై, గణపవరం దాటాక కొల్లేటి ఒడ్డున ఉన్న తన ఊళ్ళోనే ఉండేది. ఆ ఊరి ముసలమ్మలు నాట్లు వేస్తూ పాడుకునే బాణీల్లో క్రిస్మస్ పాటలు కట్టుకున్నారు. అవి చర్చి పాటల పుస్తకంలో ఉండవు, ఎవరూ రాసి పెట్టలేదు. పెద్దమ్మ ఒకరోజు షాపుకొచ్చి, "వాళ్ళ గొంతులు దాచుకునే పెట్టె ఒకటి ఇవ్వండిరా" అంది. మేం ఇచ్చింది మా దగ్గరున్న వాటిలో ముసలిది. దానికి నోరూ లేదు, పాటలు పట్టేంత కడుపూ లేదు. ఇప్పుడైతే అన్నీ లోపలే కుదిరి వస్తాయి గానీ, అలాంటి పాతవాటికి కార్డులు విడిగా గుచ్చాలి. సౌండు కార్డు నేను పెట్టాను. పాటలు దాచడానికి రెండో హార్డ్ డిస్కూ, దాన్ని నడిపే కార్డూ బావ పెట్టాడు. ప్రతి కార్డుకీ జంపర్ అనే గోరంత ప్లాస్టిక్ తొడుగుతో ఒక నంబరు ఖాయం చెయ్యాలి. ఆ నంబరుతోనే కార్డు కంప్యూటరుని పిలుస్తుంది. రెండింటికీ ఒకే నంబరు పడితే, విడివిడిగా బాగానే ఉంటాయి, కలిసి పనిచెయ్యాల్సి వచ్చినప్పుడే తన్నుకుంటాయి. నేను బావ నంబరు చూడలేదు, బావ నా నంబరు చూడలేదు. పాత డిస్కులో ఉన్న పాట ఒకటి మోగించి చూశాం. మోగింది. రెండో డిస్కుతో కలిపి చూడకుండానే సెంటు కొట్టి పంపేశాం.

వాళ్ళ ఊళ్ళో కొత్త సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా ప్రార్థన చేయించి నూనె రాయడం అలవాటు. పెద్దమ్మ కూడా పసిపిల్ల నుదుటికి రాసినట్టు కంప్యూటరు పైరేకు మీద ఒక్క వేలితో కొబ్బరినూనె రాసింది. ఆ తర్వాత ముసలమ్మల్ని ఒక్కొక్కరినే చాప మీద కూర్చోబెట్టి, మైకు చేతికిచ్చి పాడించింది. నాలుగు రోజులకే ఫోను. "పాట మధ్యలో తెగిపోతందిరా, లోపలేదో గరగరమంటంది." ఫోను బావ లాక్కున్నాడు. "మొదట్లో అలాగే ఉంటదండీ అత్తయ్యగారూ, అదే సర్దుకుంటది."

సర్దుకోలేదు. వానాకాలానికల్లా డిస్కులో ఒక్క పాటా తెరుచుకోలేదు. పెద్దమ్మ దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూత తీసి చూశాం. రెండు జంపర్లూ ఒకే నంబరు మీద ఉన్నాయి. బావ నా వైపు చూసి, ఒకదాన్ని గోటితో పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. పైరేకు మీద నూనె మరక, దానికి అంటుకుని చచ్చిన చీమలు. "ఇదేంటండీ?" అన్నాడు. "ప్రార్థన నూనె బాబూ." "అదండీ సంగతి! నూనె లోపలికి దిగిపోయిందండీ." పెద్దమ్మ నన్నడిగింది, "నిజంగా నూనె వల్లేనంటావా?" లోపల నూనె చుక్కయినా లేదు. నేను దుమ్ము ఊదుతున్నట్టు తల వంచుకుని, "అయ్యుండొచ్చు పెద్దమ్మా" అన్నాను.

ఆ మాట అక్కడితో ఆగలేదు. చుట్టాలింట్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ పుట్టినరోజు జరిగినా బావ ఆ తలంటు కథ చెప్పేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఎలుక ఉచ్చ కన్నా, ఎండుచేపల మీద కొట్టిన సెంటు కన్నా ఆ నవ్వే నాకిప్పుడు ఎక్కువ కంపు కొడుతుంది.

మొన్న విందయ్యాక పెద్దమ్మని ఊరికి దింపడానికి కార్లో తీసుకెళ్తూ, దారిలో ఆపి చెప్పాను. నూనె కాదనీ, మా కార్డులేననీ, మాకు ఆరోజే తెలుసనీ. తిడుతుందనుకున్నాను. ఆవిడ తన కుడిచేతి వేలి కేసి చూసుకుంది. "దేవుడికి ఇష్టం లేదేమో అనుకున్నానురా. నా చెయ్యే మంచిది కాదనుకుని, మళ్ళీ పాడమని వాళ్ళ గుమ్మాలు తొక్కలేకపోయాను" అంది. నా వైపు తిరిగి, "ఆరోజే చెప్పాల్సింది, అప్పటికింకా అందరూ బతికే ఉన్నారు కదరా" అంది.

రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు. నేను కారు స్టార్ట్ చెయ్యలేకపోయాను. పాటలు డిస్కు పాడైన రోజున పోలేదు. ఆ తర్వాత మేం నవ్వుకుంటూ గడిపిన ఏళ్ళలో, ఒక్కో ముసలమ్మతో ఒక్కొక్కటిగా పోయాయి.